సర్వర్ ముఖాన నేను పెట్టిన బొట్టు

ఆశ్వయుజ శుద్ధ అష్టమి, అంటే ఆయుధపూజకు సరిగ్గా ముందు రోజు. నా ఉద్యోగ విరమణకు ఇంకా మూడేళ్లుంది. ఆమదాలవలసకు దగ్గర్లో ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రిలో నేను సిస్టమ్స్ మేనేజర్‌ని. హోదా వినడానికి పెద్దదే గానీ నా కింద పనిచేసేవాళ్లు ఒక్కరూ లేరు. ఒక సర్వర్, పదిహేను కంప్యూటర్లు, నాలుగు ప్రింటర్లు, వాటి మీద పేరుకునే దుమ్ము, ఇవే నా ఏలుబడిలో ఉండేవి. దుమ్ము విషయంలో మాత్రం అటెండరు అప్పలస్వామిదే పైమాట.

ఆసుపత్రిలో డయాలసిస్ విభాగం ముఖ్యమైనది. మూత్రపిండాలు పనిచేయనివాళ్లు వారానికి మూడుసార్లు వచ్చి, నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకుని వెళ్తారు. ఒక్కొక్కరికీ ఒక షీటు ఉంటుంది. ఎన్నో నంబరు మిషను, ఎన్ని గంటలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఎంత, డ్రై వెయిట్ ఎంత, అన్నీ అందులో ఉంటాయి. డ్రై వెయిట్ అంటే ఒంట్లో చేరిన అదనపు నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువు. ఆ అంకె తప్పితే మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు, లేదా నీరు మిగిలి ఆయాసపడతాడు. ఈ షీట్లు అచ్చువేసే ప్రోగ్రాం నేను రాసిందే. అచ్చయిన షీటు లేనిదే ఏ రోగినీ మిషను ఎక్కించరాదన్న నిబంధన కూడా నేను రాసిందే. సూపరింటెండెంటు గారితో సంతకం పెట్టించి, గోడకు అంటించింది కూడా నేనే. గోడకు కాగితాలు అంటించడం నాకు మొదటి నుంచీ ఇష్టం.

ఆ ఏడాది ఆసుపత్రికి రెండు కొత్త మిషన్లు వచ్చాయి. అప్పటికి ఉన్నవి ఎనిమిది. నా ప్రోగ్రాంకు ఎనిమిది దాకానే లెక్క వచ్చు, తొమ్మిదో నంబరు కొడితే మిషను లేదంటుంది. అంకె మార్చడం పెద్ద పని కాదు. కానీ కొత్త మిషన్ల నుంచి రీడింగులు నేరుగా తీసుకోవడానికి, వాటిని అమ్మినవాళ్లు కొంత సోర్సు కోడు ఇచ్చారు. దాన్ని నా ప్రోగ్రాంలో కలిపి మళ్లీ బిల్డ్ చేయాలి, అంటే మొత్తం కొత్తగా కట్టాలి. ఆ కోడు మా సర్వర్ మీద ఉన్న బిల్డ్ టూల్‌ను చూసి, ఇంత పాతదానితో నాకు కుదరదని మొదటి లైనులోనే ఆగిపోయింది.

బిల్డ్ టూల్ అంటే ఏమిటో చెప్పాలి. మనం రాసే కోడు వందల ఫైళ్లలో ఉంటుంది. అదంతా కలిసి ఒక ప్రోగ్రాం కావాలంటే ఏ ఫైలు ముందు, ఏది తర్వాత, దేనికి ఏ లైబ్రరీ కలపాలి అని ఒకరు చూసుకోవాలి. పెళ్లిలో వంటమేస్త్రి ఉంటాడు చూడండి, ఆయన గరిటె పట్టడు గానీ ఆయన లేకపోతే పప్పు ఉడక్కముందే పోపు వేసేస్తారు. ఈ టూల్ పని అదే. మేము వాడేది సీమేక్. మా సర్వర్‌ను నడిపే లైనక్స్ ఎప్పుడో వేసింది, దాని మీది సీమేక్ కూడా ఆనాటిదే. ఆ లైనక్స్‌కు కొత్త అప్‌డేట్లు రావడం మానేసి చాలా కాలమైంది. పనిచేస్తోంది కదా అని ఎవరూ ముట్టుకోలేదు.

మీటింగులో సూపరింటెండెంటు గారు కొత్త మిషన్లు ఎప్పటికి సిద్ధమవుతాయని అడిగారు. ఆయన అడిగింది సుమారుగా చెప్పమని. నేను మహర్నవమి పొద్దున్నకల్లా అని చెప్పాను. ఎందుకలా చెప్పానంటే, ఆయుధపూజ రోజున కొత్త మిషన్లకు పూజ చేసి మొదలుపెడితే బాగుంటుంది కదా అని పక్కన కూర్చున్న డాక్టరు గారు అన్నారు, అందరూ నా వైపు చూశారు. నలుగురూ చూస్తున్నప్పుడు కుదరదని చెప్పడం నాకు చేతకాదు. ఆ బలహీనతతోనే ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేశాను.

ఆ మాట నమ్మి డాక్టరు గారు తొమ్మిదో మిషను సింహాద్రి నాయుడికి కేటాయించారు. ఆయనది పాతపట్నం అవతల ఒక పల్లె, వరి రైతు. మా దగ్గర పొద్దున్న ఖాళీ లేక, సాయంత్రమైతే తిరుగు బస్సు దొరక్క, ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు బస్సులో ఆమదాలవలస వచ్చి, అక్కడ రైలెక్కి విశాఖపట్నం వెళ్లి డయాలసిస్ చేయించుకుని తిరిగి వస్తున్నాడు. పోయే రోజంతా పోవడానికీ రావడానికే సరి. నవమి నుంచి ఇక్కడే అని చెప్పగానే, విశాఖలో తన వంతు వదులుకుని కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చేశాడు. ఆ వారం నా గది గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు.

“అమ్మా, నవిమి నాడు పక్కాయేనేటి? అక్కడ నా మంచం ఇంకోలికి ఇచ్చేసినారు. మల్లీ ఎల్తే రానిస్తారో లేదో తెల్దు.”

పక్కా అని చెప్పాను. అప్పటికి నేను ఆ సోర్సు కోడు తెరిచి కూడా చూడలేదు. ఆయన సప్తమి నాడు విశాఖలో ఆఖరిసారి చేయించుకున్నాడు. ఒకరోజు విడిచి ఒకరోజు చేయాలి కాబట్టి నవమి తప్పితే ఇబ్బందే, దశమి దాటితే ప్రమాదం.

మాది విజయనగరంలో సంగీతం చెప్పుకుని బతికిన కుటుంబం. మా నాన్నగారు వయొలిన్ మాస్టారు. కచేరీకి ముందు రోజు ఆయన కొత్త తీగ వేసేవారు కాదు. కొత్త తీగ రెండు మూడు రోజులు సాగుతుంది, శ్రుతి నిలవదు. తుప్పు పట్టినా సరే పాత తీగతోనే వాయించేవారు, కొత్తది వేయాలంటే వారం ముందే వేసేవారు. చిన్నప్పుడు ఇది నేను వందసార్లు చూశాను. చూసి నేర్చుకున్నది ఏమిటో ఆ అష్టమి నాడు బయటపడింది.

పొద్దున్న తొమ్మిదింటికి కూర్చున్నాను. కొత్త సీమేక్‌ను ఇంటి దగ్గర ముందుగానే దించుకుని పెన్ డ్రైవ్‌లో తెచ్చాను. తయారుగా కట్టి ఉంచింది, విప్పి వాడుకోవడమే. విప్పాను, నడిపాను. ఒక్క లైనులో జవాబిచ్చింది. నాకు కావలసిన సి లైబ్రరీ ఇక్కడ లేదు, ఉన్నది పాతది అని.

సి లైబ్రరీ అంటే లైనక్స్‌లో దాదాపు ప్రతి కమాండూ ఆధారపడే ఫైలు. ఫైళ్ల జాబితా చూపే చిన్న కమాండు దగ్గర నుంచి నా షీట్ల ప్రోగ్రాం దాకా అన్నీ మొదలయ్యేటప్పుడు ముందు దాన్నే వెతుక్కుంటాయి. దాన్ని మార్చకూడదని ఈ వృత్తిలో మొదటి ఏడాదే చెబుతారు. నేను కూడా ఇద్దరు ముగ్గురికి చెప్పాను, కాస్త గొంతు పెంచి మరీ చెప్పాను. అయినా ఆ రోజు, పాతదాన్ని తీసేయడం లేదు కదా, ఎందుకైనా మంచిదని పెన్ డ్రైవ్‌లో తెచ్చిన కొత్తదాన్ని పక్కన పెట్టి, ఏ ఫైలు వాడాలో చూపే లింకు మాత్రం దాని వైపు తిప్పుతున్నాను కదా, తేడా వస్తే మళ్లీ వెనక్కి తిప్పేస్తాను అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ముందుజాగ్రత్తగా డేటా మొత్తం బ్యాకప్ కూడా తీశాను. ఆ బ్యాకప్‌ను అదే సర్వర్‌లో ఇంకో ఫోల్డరులో పెట్టాను. దాని గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పదలచుకోలేదు.

లింకు తిప్పి ఎంటర్ నొక్కాను. ఫైళ్ల జాబితా చూద్దామని ఎల్ఎస్ కొట్టాను. లైబ్రరీ లోడ్ కావడం లేదని వచ్చింది. కాపీ కమాండు కొట్టాను, అదే జవాబు. వెనక్కి తిప్పేద్దామని లింకు కమాండు కొట్టాను. వెనక్కి తిప్పే కమాండుకు కూడా ఆ లైబ్రరీయే కావాలన్న సంగతి అప్పుడు తట్టింది. నిచ్చెన ఎక్కి, పై మెట్టు మీద నిలబడి నిచ్చెన తీసేశాను.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాములు పాత లైబ్రరీని పట్టుకునే ఉంటాయి కాబట్టి వాటికి ఏమీ కాదు. కొత్తగా మొదలుపెట్టేవే మొదలవవు. అంటే నర్సుల దగ్గర తెర మీద అన్నీ మామూలుగా కనిపిస్తున్నాయి, కానీ షీటు అచ్చు వేయమంటే వేయదు. నేను కూర్చున్న కంప్యూటరులో సర్వర్‌కు అప్పటికే తెరిచి ఉన్న విండో ఒక్కటే బతికి ఉంది. అది మూస్తే మళ్లీ లాగిన్ కావడం కుదరదు. సర్వర్‌ను ఆపితే ఇక లేవదు. ఇదంతా నాకు స్పష్టంగా తెలుసు. ఆ విండోను కళ్లలో పెట్టుకుని చూసుకోవాలని కూడా తెలుసు.

దీనికి మార్గం ఏదో ఉంటుంది, వెతకాలి. కానీ ఆసుపత్రి లోపలి కంప్యూటర్లకు ఇంటర్నెట్ లేదు, భద్రత కోసమని నేనే తీసేశాను. గోడ మీద ఆ కాగితం కూడా ఉంది. నా ఫోను ఆ గదిలో ఎప్పుడూ అందదు. ఇంటర్నెట్ ఉన్నది పై అంతస్తులో సూపరింటెండెంటు గారి గదిలో. ఆయన పండక్కి ఊరెళ్లారు. తాళం ఆఫీసులో తీసుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా మెట్లెక్కాను. చెబితే ఎందుకని అడుగుతారని చెప్పలేదు.

వెతగ్గా వెతగ్గా ముప్పావు గంటకు దొరికింది. నాలాంటి వాళ్లు చాలామందే ఉన్నారని, అలాంటి వాళ్ల కోసమే ఎస్ఎల్ఎన్ అని ఒక చిన్న లింకు కమాండును లైనక్స్‌లో ముందే పెట్టి ఉంచారని తెలిసింది. దానికి ఏ లైబ్రరీతోనూ పనిలేదు, తన సరంజామా అంతా తనలోనే ఉంటుంది. మా పాత సర్వర్‌లో కూడా అది ఉంది. ఇన్నేళ్లలో దాని పేరు నేను ఎప్పుడూ వినలేదు. ఒక్క లైను కొడితే చాలు. ఆ లైను చీటీ మీద రాసుకుని, రెండుసార్లు సరిచూసుకుని, సంతోషంగా కిందికి దిగాను. సంతోషం అని ఊరికే అనడం లేదు, మెట్ల మీద ఏదో కృతి కూనిరాగం తీశాను కూడా.

గదిలో అప్పలస్వామి ఉన్నాడు. బకెట్లో నీళ్లు, భుజాన తడిబట్ట, కిటికీ గూట్లో పసుపు, కుంకుమ, గంధం. నా కంప్యూటరు తెర నల్లగా ఉంది. సర్వర్ మీద పచ్చ దీపాలు వెలగడం లేదు.

ఏం చేశావని అడిగాను.

“అష్టిమి గదా మేడమ్, తుడవడానికి ఆపేసినాను. మీరు సెప్పినట్టే సేసినాను. ముందల తెర మీద కిటికీలన్నీ మూసినాను. తరవాత కంపూటరు ఆపినాను. ఈ పెద్దది మాత్రం తొందరగా ఆరలేదండి. పది అంకెలు లెక్కెట్టి నొక్కితే అప్పుడారింది.” అని గోడ వైపు చూపించాడు. “సూడండి, మీ రాతే గదా.”

అక్కడ నా చేతిరాతతో కాగితం ఉంది. ఏటా ఆయుధపూజకు ముందు రోజు మిషన్లన్నీ ఆపి, తుడిచి, మళ్లీ వేయడం మా ఆసుపత్రి ఆనవాయితీ. మొదట్లో అప్పలస్వామి ఆదరాబాదరాగా ప్లగ్గులు లాగేసేవాడు. నేను అడ్డుపడి, ఆరు అంచెల్లో పద్ధతి రాసి, అంటించి, చదివించి, నాలుగేళ్లు సాధన చేయించాను. ఆరకపోతే పది అంకెలు లెక్కపెట్టే దాకా బటన్ నొక్కి ఉంచాలి అనేది అందులో అయిదో అంచె. నా ఉద్యోగంలో నేను రాసిన సూచనల్లో అక్షరం పొల్లుపోకుండా అమలైంది అదొక్కటే.

సర్వర్ ఆన్ చేశాను. అక్షరాలు పరుగెత్తి, కెర్నెల్ ప్యానిక్ అని రాసి ఆగిపోయింది. అంటే మొదటి ప్రోగ్రామే మొదలు కాలేక లైనక్స్ చేతులెత్తేసిందని అర్థం. అప్పుడే డయాలసిస్ హెడ్ నర్సు సత్యవతి సిస్టర్ వచ్చింది. రేపటి షీట్లు అచ్చు కావడం లేదని చెప్పడానికి వచ్చి, తెర చూసింది. పదేళ్లుగా ఆ విభాగాన్ని నడుపుతున్న మనిషి, ఎవరి మాటా ఊరికే నమ్మదు.

“అదేటి మేడమ్, భయమేస్తంది అని అదే రాస్తంది?”

అప్పుడు మాత్రం దాచలేదు. పొద్దున్న నేను చేసింది చేసినట్టు చెప్పాను. అది చచ్చింది అప్పలస్వామి ఆపినందుకు కాదని, ఆపకముందే నేను చంపేశానని చెప్పాను. సిస్టర్ విని, ఇది ఎన్నింటికి బాగవుతుందని మాత్రం అడిగింది. రేపటి వాళ్లలో ఇద్దరికి డాక్టరు గారు నిన్ననే మందు మోతాదు మార్చారట, ఆ మార్పు సర్వర్‌లోనే ఉందట. డాక్టరు గారు సింహాచలంలో ఉన్నారు, ఫోను అందడం లేదు.

మిగిలిన మార్గం రెస్క్యూ డిస్కు. సర్వర్ తన లైనక్స్‌తో కాకుండా డీవీడీలో ఉన్న లైనక్స్‌తో లేస్తుంది. అప్పుడు లోపలికి వెళ్లి లింకు సరిచేయవచ్చు. డిస్కు బీరువాలో, కవరులో, పేరు రాసి భద్రంగా ఉంది. ఆ రోజు నన్ను చూసి నేను గర్వపడింది ఆ ఒక్క నిమిషమే. డ్రైవ్ బటన్ నొక్కాను. ట్రే బయటికి రాలేదు. మళ్లీ నొక్కాను. లోపల మోటారు మూలిగింది, తలుపు తెరుచుకోలేదు.

వంగి చూశాను. సర్వర్‌కు బొట్టు పెట్టే పని ఏటా నాదే. అప్పలస్వామి తుడిస్తే, నేను గంధం రాసి, పసుపు అద్ది, మధ్యలో కుంకుమ పెడతాను. బొట్టు సరిగ్గా మధ్యలో ఉండాలని నాకు పట్టింపు. ఆ సర్వర్ ముఖానికి సరిగ్గా మధ్యలో ఉండేది డీవీడీ తలుపు. ఇన్నేళ్ల గంధం దాని సందులో గట్టిపడి సిమెంటు పూసినట్టుంది. తుడిచేటప్పుడు బొట్టు చెరపకూడదని ఆ ఒక్కచోటా అప్పలస్వామి గుడ్డ పెట్టేవాడు కాడు. ఇలాంటప్పుడు తలుపు తెరవడానికి డ్రైవ్‌కు ఒక సూది బెజ్జం ఉంటుంది. అందులో సన్నటి తీగ దూర్చి నెడితే ట్రే బయటికి వస్తుంది. ఆ బెజ్జం కోసం వెతికాను. అది కుంకుమ కింద ఉంది.

సిస్టర్ నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగింది. అప్పలస్వామికి మాత్రం నవ్వు రాలేదు.

“అమ్మోరి బొట్టు మేడమ్, గోకొచ్చా?” అన్నాడు.

గోకవచ్చని చెప్పాను. ఎందుకైనా మంచిదని ముందు దండం పెట్టుకుని, తడిబట్టతో నానబెట్టి, సిస్టర్ చీర కుచ్చిళ్ల నుంచి తీసి ఇచ్చిన పిన్నీసుతో సందంతా గీశాడు. నేను పిన్నీసు అందుకోబోతే నన్ను పక్కకు జరగమన్నాడు. మిషన్లను చూస్తూ ఉద్యోగం చేసింది నేను, కానీ వాటిని ముట్టుకోవడం తెలిసింది అతనికి. అరగంటకు బెజ్జం తేలింది. పిన్నీసు వంకర తీసి దూర్చి నెట్టాడు. ట్రే ఎర్రటి పొడి రాలుస్తూ బయటికి వచ్చింది.

ఆ తర్వాత పని అయిదు నిమిషాలు. డిస్కుతో సర్వర్‌ను లేపి, లింకును పాత లైబ్రరీ వైపు తిప్పి, డిస్కు తీసేసి మళ్లీ వేశాను. లేచింది. సాయంత్రం అయిదున్నరకు మర్నాటి షీట్లు ఒక్కొక్కటే అచ్చయ్యాయి. ఎనిమిది మిషన్లకు ఎనిమిది. తొమ్మిదో మిషనుకు మాత్రం షీటు లేదు. పొద్దున్న ఎక్కడ మొదలుపెట్టానో సాయంత్రానికి సరిగ్గా అక్కడికే చేరుకున్నాను. మధ్యలో సింహాద్రి నాయుడికి నేను పక్కా అని చెప్పిన మాట ఒకటి మిగిలింది.

పాతపట్నం అవతల ఆ పల్లెలో ఆయన రేపటి బస్సు కోసం చొక్కా ఉతుక్కుంటూ ఉండి ఉంటాడు. ఫోను చేసి ఏమని చెప్పను? విశాఖలో మంచం నా మాట మీదే వదులుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడానికి ప్రింటరులో కాగితం సర్దుతున్నట్టు నటించాను. సిస్టర్ షీట్లు తిరగేస్తూ అంది.

“నాలుగో మిషను మాస్టారిది. ఆరిల్లు ఈ ఈదిలోనే. పొద్దున్న కాకపోతే సాయంత్రం ఒస్తారు, సాయంత్రం మంచం ఖాళీయే. ఆరికి ఫోను సేసి సెప్తాను. నాయుడు గారిని నాలుగులో పెట్టి షీటు తియ్యండి. కొత్త మిషను కావాలని ఆయనేం అడగలేదు కదా, ఏదో ఒక మిషను కావాలన్నాడు.”

మాస్టారు, అంటే రిటైరైన లెక్కల మాస్టారు, ఫోనులో సరే అనడానికి పట్టింది అర నిమిషం. కొత్త బిల్డ్ టూల్ అక్కర్లేదు. కొత్త లైబ్రరీ అక్కర్లేదు. పాత ప్రోగ్రాంలో ఎనిమిది లోపు అంకె ఒకటి మార్చి షీటు తీశాను. అది పొద్దున్న తొమ్మిదింటికే చేసి ఉండవచ్చు. తొందర సింహాద్రి నాయుడిది కాదు, డాక్టరు గారిది కూడా కాదు. మీటింగులో నేను చెప్పిన తేదీ నిలబెట్టుకోవాలన్న తొందర అంతా నాదే.

నవమి పొద్దున్న ఆయన మొదటి బస్సుకే వచ్చాడు. తొమ్మిదో మిషను బొట్టు పెట్టించుకుని ఖాళీగా నిలబడి ఉంది. ఆయన దానికి ఒక దండం పెట్టి వెళ్లి నాలుగో నంబరులో పడుకున్నాడు. మధ్యాహ్నం అప్పలస్వామి ప్రసాదం పంచుతూ, “తీసుకో మావా” అని ఆయన చేతిలో సెనగలూ అరటిపండూ పెట్టాడు. కిడ్నీ రోగులకు అరటిపండు పడదు కాబట్టి సిస్టర్ వచ్చి పండు తీసేసుకుంది. సెనగలు నాలుగు లెక్కపెట్టి ఇచ్చింది. ఇంటికి పగలుండగానే చేరిపోతానని ఆయన నాతో రెండుసార్లు చెప్పాడు. నేను మొహం చూడలేకపోయాను.

పండగ అయ్యాక సూపరింటెండెంటు గారు తిరిగి వచ్చారు. సర్వర్ ఆగిన సంగతి ఆయన దాకా వెళ్లింది. వెళ్తూ వెళ్తూ దారిలో కురచ అయింది, అటెండరు సర్వర్ ఆపేశాడట అన్నంత వరకే చేరింది. అప్పలస్వామి కాంట్రాక్టు మనిషి, ఆ నెలలోనే అతని కాంట్రాక్టు పొడిగించాలి. అతని నుంచి సంజాయిషీ తీసుకోమని, సాంకేతిక కారణాలు నన్ను రాసివ్వమని ఫైలు నా బల్ల మీదికి వచ్చింది.

గొప్పగా చెప్పుకోవడానికి లేదు కాబట్టి ఉన్నది చెబుతాను. ఆ ఫైలు ఒక పూటంతా నా బల్ల మీదే ఉంది. అందులో ఒక్క అబద్ధం కూడా రాయక్కర్లేదు. సర్వర్‌ను అటెండరు ఆపిన తర్వాత అది తిరిగి లేవలేదు అని రాస్తే చాలు, ప్రతి అక్షరం నిజమే. ఆ వాక్యం మనసులో రెండు మూడు రకాలుగా దిద్దుకున్నాను కూడా. మధ్యాహ్నం అప్పలస్వామి టీ తెచ్చి పెట్టాడు. ఫైలు మీద తన పేరు చూశాడు.

“మేడమ్, నాను రాయాల్సింది మీరే రాసిచ్చేయండి, సంతకం ఎడతాను. మీ రాతైతే తప్పుండదు” అన్నాడు.

అప్పుడు రాశాను. బిల్డ్ టూల్ కోసం సి లైబ్రరీ లింకు మార్చినది నేను, బ్యాకప్ తప్పుచోట పెట్టినది నేను, ఎవరికీ చెప్పకుండా గది వదిలి వెళ్లినది నేను, అటెండరు గోడ మీది లిఖిత సూచనలను అమలు చేశాడు, ఆ సూచనలు రాసినది నేను. డీవీడీ తలుపు ఎందుకు తెరుచుకోలేదో కూడా రాశాను. సూపరింటెండెంటు గారు ఆ పేరా దగ్గర ఆగి, అద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ చదివారు. నాకు ఒక మెమో వచ్చింది. అప్పలస్వామి కాంట్రాక్టు పొడిగించారు.

అప్‌గ్రేడ్ తర్వాత తీరిగ్గా చేశాను, పదకొండు రోజులు పట్టింది. కట్టి ఉంచిన సీమేక్‌ను వదిలేసి, దాని సోర్సు తెచ్చుకున్నాను. ముందు, కోడును మిషను భాషలోకి మార్చే కొత్త కంపైలర్‌ను విడిగా ఒక ఫోల్డరులో పెట్టి, దానితో ఆ సోర్సును మా సర్వర్ మీదే బిల్డ్ చేశాను. అలా ఇక్కడే తయారైన టూల్‌కు ఇక్కడి పాత లైబ్రరీయే సరిపోయింది. కొత్త లైబ్రరీ అవసరం అసలు ఎప్పుడూ లేదు. కొత్త టూల్ పాతదాని పక్కనే, దాని జోలికి పోకుండా, తన ఫోల్డరులో తాను ఉంది. తొమ్మిది, పది మిషన్లు అమావాస్య వెళ్లాక మొదలయ్యాయి, అందాకా మాస్టారు సాయంత్రాలే వస్తూ నాయుడికి నాలుగో మిషను వదిలారు, ఆలస్యమైందని ఎవరూ అడగలేదు.

ఆ సంఘటన నాకు నేర్పింది ఇది. పాత సిస్టం మీద కొత్త పనిముట్టు పెట్టేటప్పుడు దాన్ని విడిచోట పెట్టాలి, అందరూ ఆధారపడిన దాన్ని కదపకూడదు. బ్యాకప్ వేరే మిషనులో ఉండాలి. పని చెడినప్పుడు గదిలోంచి వెళ్లేముందు ఎవరో ఒకరికి చెప్పాలి. తేదీ చెప్పేముందు అది ఎవరికి అవసరమో అడగాలి. బొట్టు పక్క రేకు మీద పెట్టాలి.

గోడ మీది కాగితంలో మొదటి అంచెకు ముందు ఇంకొకటి చేర్చాను. ఆపేముందు మేనేజరును అడగాలి అని. ఏం అడగాలో నేను రాయలేదు, అది అప్పలస్వామే ఖాయం చేసుకున్నాడు. ఆ తర్వాత ప్రతి అష్టమి నాడూ బకెట్టు గుమ్మం బయట పెట్టి, లోపలికి తొంగిచూసి ఒకటే ప్రశ్న వేసేవాడు.

“మేడమ్, ఈరోజు ఏటైనా మార్సినారా?”

నాకు మిగిలిన మూడు అష్టముల్లో, లేదని నిజాయితీగా చెప్పగలిగింది రెండుసార్లు. మూడోసారి ఒక్క గంట ఆగమన్నాను. అతను స్టూలు తెచ్చుకుని, తెరిచి ఉన్న విండోకు ఎదురుగా కూర్చున్నాడు, నా పని అయ్యేదాకా లేవలేదు.